జబ్బు లెక్కలో ఆమె, డయాలసిస్ లెక్కలో అతడు

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మీద ప్రపంచమంతటా పోగైన అంకెల్లో ఒక మెలిక ఉంది. 2017 సంవత్సరానికి సంబంధించిన ప్రపంచ వ్యాధిభార అధ్యయనం 2020లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. దాని ప్రకారం భూమ్మీద సుమారు 69.75 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. వారిలో 11.5 కోట్ల మంది మన దేశం వాళ్లే. వయసు తేడాలను సరిచేసి చూస్తే ఆడవారిలో 9.5 శాతానికి, మగవారిలో 7.3 శాతానికి ఈ జబ్బు తేలింది. అంటే ఆడవారికే ఎక్కువ. తీరా డయాలసిస్‌కో కిడ్నీ మార్పిడికో చేరినవారిని లెక్కపెడితే మగవారి రేటు దాదాపు ఒకటిన్నర రెట్లు. మరణాల రేటు కూడా వారిలోనే 1.39 రెట్లు.

జబ్బు ఉన్నది ఒకరికి, చికిత్స గదిలో కనిపించేది మరొకరు ఎందుకయ్యారు? ఈ ప్రశ్నకు ఇప్పటికి నాలుగు రకాల జవాబులు వచ్చాయి. దేహంలోనే తేడా ఉందని ఒక వర్గం, కొలతలోనే తప్పుందని మరొక వర్గం, చేసే పనిలో ఉందని మూడోది, ఆస్పత్రికి చేరే దారిలో ఉందని నాలుగోది వాదిస్తున్నాయి. ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు. అయితే ఏ వాదానికి ఎంత బరువివ్వాలన్నది ఊరిని బట్టి మారుతుంది. స్టాక్‌హోమ్‌లో సరిపోయిన వివరణ ఆంధ్రప్రదేశ్‌లోని పాడేరు కొండల్లో సరిపోవాలని లేదు.

వాదన ఎక్కడ మొదలైంది

2002 దాకా ఈ జబ్బుకు అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు. ఆ ఏడు అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ ఒక గీత గీసింది. కిడ్నీల వడపోత సామర్థ్యం నిమిషానికి 60 మిల్లీలీటర్ల లోపుకు పడిపోయి మూడు నెలలకు మించి అలాగే ఉన్నా, మూత్రంలో ప్రోటీన్ పోవడం వంటి దెబ్బతిన్న గుర్తులు అంతకాలం కనిపించినా దీర్ఘకాలిక జబ్బే అన్నది. ఆ గీత ఆడామగా ఇద్దరికీ ఒకటే. దాంతో జనాభా సర్వేలు ఊపందుకున్నాయి, ఆడవారి సంఖ్య ఎక్కువని చాలాచోట్ల తేలింది. అంతకు ముందు వైద్యులకు తెలిసిన లెక్క డయాలసిస్ రిజిస్టర్లదే. అందులో మగవారే ఎక్కువ కనుక దీన్ని మగవారి జబ్బుగానే చూశారు.

మన దేశపు దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి రిజిస్ట్రీ 2012లో 52,273 మంది రోగుల వివరాలు ప్రకటించింది. ప్రతి పది మందిలో ఏడుగురు మగవారు. ఆస్పత్రి గడప తొక్కినవారి లెక్క అది. ఊళ్లో ఉన్నవారి లెక్క కాదు. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటం వల్లనే చర్చ సగం చిక్కుపడింది.

2018లో ప్రపంచ కిడ్నీ దినోత్సవం, అంతర్జాతీయ మహిళా దినోత్సవం ఒకే రోజున, మార్చి 8న వచ్చాయి. ఆ ఏడాది అంశంగా మహిళల కిడ్నీ ఆరోగ్యాన్నే తీసుకున్నారు. అప్పటి నుంచే ఈ తేడా ఒక ప్రత్యేక పరిశోధనాంశంగా నిలదొక్కుకుంది.

దేహమే కారణమన్న వాదం

అన్నిటికన్నా పాతది ఇదే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మగ ఎలుకల కిడ్నీలు తొందరగా గట్టిపడి చెడిపోయాయి. ఈస్ట్రోజెన్ హార్మోన్ కిడ్నీలోని సన్న రక్తనాళాలను కాపాడుతుందనీ, టెస్టోస్టెరాన్ హాని పెంచుతుందనీ దీన్నుంచి ఊహించారు. 2000లో జోయెల్ న్యూగార్టెన్ బృందం 68 అధ్యయనాలను, 11 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. మధుమేహం కాని కారణాలతో వచ్చే జబ్బుల్లో మగవారి కిడ్నీలు వేగంగా క్షీణిస్తాయని తేల్చింది.

మూడేళ్లకే ఎదురుగాలి వీచింది. తజీన్ జాఫర్ బృందం 11 మందుల ప్రయోగాల్లోని రోగుల వివరాలను ఒక్కొక్కరివిగా విశ్లేషించింది. రక్తపోటు, మూత్రంలో ప్రోటీన్ వంటివి సరిచూశాక ఆడవారికి రక్షణ ఉందన్న మాట నిలవలేదు, పైగా వారిలోనే వేగం కొంత ఎక్కువగా కనిపించింది. వారిలో చాలామంది ముట్లుడిగిన వయసువారు కావచ్చన్నది ఒక సర్దుబాటు వివరణ. ఆ తర్వాత అమెరికాలో 3,939 మందిని ఏళ్ల తరబడి వెంబడించిన క్రిక్ అధ్యయనం 2019లో మళ్లీ మొదటి మాటకే వచ్చింది. ఆడవారికి కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యే ముప్పు 28 శాతం తక్కువ.

దేహవాదంలో ఎవరూ కాదనలేని భాగం ఒకటుంది. లూపస్ జబ్బు తొమ్మిది మంది ఆడవారికి వస్తే ఒక మగవాడికి వస్తుంది, అది కిడ్నీలను కాటేస్తుంది. గర్భం ఆడవారికే ప్రత్యేకమైన పరీక్ష. గర్భిణికి రక్తపోటు పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోవడాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అదే ముదిరి ఫిట్స్ వస్తే పల్లెల్లో గుర్రపువాతం అంటారు. నార్వేలో 5,70,433 మంది తల్లుల వివరాలు చూసి 2008లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, మొదటి కాన్పులో ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాతి కాలంలో కిడ్నీలు విఫలమయ్యే ముప్పు 4.7 రెట్లు. కాన్పుతో బీపీ తగ్గింది కదా అని ఆ తల్లిని మరిచిపోవడం ఎంత ప్రమాదమో ఈ అంకె చెబుతుంది.

మగవారిలో పొగ, మద్యం ఎక్కువ కనుక వారి కిడ్నీలు తొందరగా పోతాయన్న మాట కూడా ఈ వాదానికి తోడుగా వినిపిస్తుంది. పడమటి దేశాల్లో అది చెల్లుతుందేమో. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని ఆడవారు అడ్డపొగ తాగే ఉత్తరాంధ్రలో పొగాకును మగవారి ఖాతాలోనే వేయడం కుదరదు.

కొలత మీద అనుమానం

రెండో వర్గం మాట సూటిగా ఉంటుంది. ఆడవారిలో ఎక్కువని చెప్పడానికి వాడిన సూత్రం ఆడవారి కోసం తయారైందా? 1976లో వచ్చిన కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం దశాబ్దాలపాటు ప్రపంచాన్నేలింది. దాన్ని 249 మంది మగవారి వివరాలతో కట్టారు. ఆడవారికి కండ తక్కువ కనుక ఫలితంలో 15 శాతం తగ్గించుకోమన్నారు. తర్వాతి సూత్రాల్లో ఆడవారినీ చేర్చారు. అయినా మూలపదార్థం క్రియాటినినే. అది కండరాల నుంచి పుడుతుంది. కండ తక్కువున్న దేహంలో అదీ తక్కువే పుడుతుంది.

దీని పర్యవసానం ల్యాబ్ చీటీలో చూడాలి. 50 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 1.2 వచ్చిందనుకుందాం. 2021 నాటి సూత్రంలో వేస్తే అతని వడపోత సుమారు 74. భయపడాల్సింది లేదు. అదే వయసు ఆడమనిషికి అదే 1.2 వస్తే వడపోత 55 దగ్గర ఆగుతుంది. అంటే 60 గీత దాటి కిందికి పోయింది. చాలా చీటీల్లో ఇద్దరికీ ఒకే హద్దు అచ్చవుతుంది, 1.2 ఆ హద్దులోనే ఉంటుంది. చీటీ చూసినవారు బాగానే ఉందని ఆమెను ఇంటికి పంపేస్తారు. ఆడవారి జబ్బు ఆలస్యంగా బయటపడటానికి ఇంతకన్నా సాదా కారణం వెతకనక్కర్లేదు.

ఎదుటివారి వాదనా బలమైనదే. 60 అన్న గీత అందరికీ ఒకటే కావడం వల్ల, వయసుతో సహజంగా తగ్గే వడపోత జబ్బుగా లెక్కకెక్కుతోందనీ, ఆడవారు ఎక్కువకాలం బతుకుతారు కనుక ముసలివారిలో వారి సంఖ్యే ఉబ్బుతోందనీ వారంటారు. పైగా వడపోతను 1.73 చదరపు మీటర్ల దేహానికి సరిచేసి చెబుతారు. 1920లలో పాతికేళ్ల అమెరికన్ల సగటు దేహ వైశాల్యం అది. 45 కిలోల బరువు, 148 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న స్త్రీ దేహ వైశాల్యం 1.36 చదరపు మీటర్లే. కొండల్లో కనిపించే చిన్న దేహాలకు, మాంసం అరుదుగా తినేవారికి ఈ లెక్క ఎటు తప్పుతుందో ఒక్కమాటలో చెప్పలేం. కండ తక్కువై క్రియాటినిన్ పెరగక జబ్బు కనబడకపోవచ్చు, లేదా లేని జబ్బు ఉన్నట్టు తేలవచ్చు.

దీనికి విరుగుడుగా సిస్టాటిన్ సి అనే మరో పరీక్ష ఉంది. అది కండ మీద ఆధారపడదు. 2023లో యూరప్ పరిశోధకులు ఆడామగా అన్న వివరమే అడగని సిస్టాటిన్ సూత్రాన్ని ప్రకటించారు. ధర ఎక్కువ కావడంతో మన ప్రభుత్వ ల్యాబుల్లో అది మామూలు పరీక్ష కాలేదు.

పని, నీరు, వేడి

పుట్టుకలోనో కొలతలోనో కాక బతుకుతెరువులో తేడా వెతికేవారికి ఆధారాలు ఉష్ణదేశాల పల్లెల్లో దొరికాయి. మధుమేహం, రక్తపోటు లేకుండానే కిడ్నీలు పోయే అంతుచిక్కని జబ్బు ఆ పల్లెలను పీడిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి పేరుమోసిన ప్రాంతం ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య 1990ల నుంచి ఈ మరణాలు వినిపిస్తున్నాయి. విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు వంటివారు దశాబ్దాలుగా దీని వెంటపడ్డారు. 2019, 2020లలో వెలువడిన రెండు సర్వేలూ అక్కడి పెద్దల్లో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉందన్నాయి.

స్త్రీపురుష భేదం కోసం ఉద్దానాన్ని మరో రెండు చోట్లతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఎల్ సాల్వడార్‌లోని బాహో లెంపా ప్రాంతంలో 2009లో చేసిన సర్వేలో మగవారిలో 25.7 శాతానికి, ఆడవారిలో 11.8 శాతానికి జబ్బు తేలింది. చెరకు నరికే పని మగవారిది, ఎండ దెబ్బ వారిది. కాబట్టి వేడి, నీరు అందని కాయకష్టమే కారణమన్న సిద్ధాంతం అక్కడ బలపడింది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరిపల్లెల్లో కథ తిరగబడింది. 2013లో ప్రకటించిన సర్వేలో ఆడవారిలో 16.9 శాతం, మగవారిలో 12.9 శాతం. అయితే ముదిరిన దశల్లో మగవారిదే పైచేయి. నాలుగో దశకు చేరినవారు మగ రోగుల్లో 22 శాతం ఉంటే ఆడ రోగుల్లో 7.3 శాతమే.

ఉద్దానంలో పొలం పని ఇద్దరిదీ. పలాస జీడిపప్పు బట్టీల దగ్గర, పిక్క కొట్టేచోట ఆడవారే ఎక్కువ. అందుకే చెరకు తోటల సిద్ధాంతాన్ని ఇక్కడికి ఎత్తుకొస్తే ఇమడదు. నీటి మీద అనుమానంతో వంశధార హిరమండలం రిజర్వాయర్ నుంచి ₹700 కోట్ల తాగునీటి పథకం, పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కట్టారు. ఇవన్నీ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. నీరే కారణమైతే ఆ నీరు ఇంటిల్లిపాదీ తాగుతారు, భేదం ఉండకూడదు. వేడి కారణమైతే పనిని బట్టి భేదం ఉండాలి. కాబట్టి ఆడామగా లెక్క ఇక్కడ కారణాన్ని పట్టించే ఆధారం కూడా. సర్వేలు దాన్ని చివరి పట్టికలో ఒక గడిగా వదిలేయడం బాధాకరం.

అలవాటు ఎంత పని చేస్తుందో చెప్పే ఉదాహరణ బెల్జియంలో ఉంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గే చికిత్స తీసుకున్న యువతులకు వరసగా కిడ్నీలు పోయాయి. వారు మింగిన మూలికల గుళికలే కారణమని 1993లో పసిగట్టారు. వాటిలో అరిస్టోలోకియా మొక్క కలిసిందని ఆ తర్వాత తేలింది. బాధితులు దాదాపు అంతా ఆడవారే. వారి హార్మోన్లకు దీనితో సంబంధం లేదు, ఆ మందు మింగింది వారు. మన ఈశ్వరి వేరు కూడా ఆ జాతి మొక్కదే. నాటువైద్యం మీద ఆధారపడే ఏ ప్రాంతంలోనైనా ఎవరు ఏ వేరు ఎన్నాళ్లు తింటున్నారన్నది అడగాల్సిన ప్రశ్న.

ఆస్పత్రి గడప, ఆపరేషన్ బల్ల

నాలుగో వర్గం సామాజిక కారణాలది. ఉచిత వైద్యం ఇస్తే తేడా పోతుందా అన్నదానికి ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక జవాబుంది. 2008 నుంచి 2012 వరకు ఆరోగ్యశ్రీ కింద ఆస్పత్రుల్లో చేరిన తొమ్మిది లక్షలకు పైగా కేసులను పరిశీలించి 2018లో ఒక అధ్యయనం వెలువడింది. చేరినవారిలో మహిళల వాటా 42 శాతం, వారికైన ఖర్చు మొత్తంలో 39 శాతం. బిల్లు ప్రభుత్వానిదే అయినా, వెంట వెళ్లే మనిషి, బస్సు చార్జీ, పోయే కూలీ, ఇంట్లో పొయ్యి ఇవన్నీ కుటుంబం మీదే ఉంటాయి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, బతికున్నంత కాలం.

అవయవ మార్పిడిలో తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో లెక్కల్లో 2019 నుంచి 2023 దాకా బతికుండగా అవయవం ఇచ్చినవారు 56,509 మంది. వారిలో 36,038 మంది మహిళలు. అవయవం పొందిన మహిళలు మాత్రం 17,041 మంది. ఇచ్చేవారిలో దాదాపు మూడింట రెండు వంతులు, పుచ్చుకునేవారిలో మూడో వంతుకన్నా తక్కువ. 2025 ఆగస్టులో నోటో ఒక సూచన జారీ చేసింది. ఎదురుచూసే మహిళా రోగులకు కేటాయింపులో ప్రాధాన్యం ఇవ్వమంది.

ఇదంతా వివక్షేనా? కాదు. కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యేవారిలో మగవారు ఎక్కువ కనుక పుచ్చుకునేవారిలోనూ కొంత ఎక్కువే ఉంటారు. కాన్పులు అయిన స్త్రీ రక్తంలో భర్త, పిల్లల కణజాలానికి ఎదురుతిరిగే యాంటీబాడీలు పుట్టి ఉండవచ్చు. అప్పుడు భర్త ఇస్తానన్నా అది ఆమెకు కుదరకపోవచ్చు. ఈ రెండూ ఒప్పుకున్నా తల్లి, భార్య ముందుకొచ్చే వేగానికీ ఇతరులు ముందుకొచ్చే వేగానికీ ఉన్న దూరాన్ని దేహశాస్త్రం పూడ్చలేదు. ఇచ్చిన స్త్రీకి తర్వాత గర్భం వస్తే రక్తపోటు, ప్రీఎక్లాంప్సియా ముప్పు 5 శాతం నుంచి 11 శాతానికి పెరుగుతుందని 2015లో కెనడా పరిశోధన చూపింది. సంతకం పెట్టించేముందు యువతులకు ఈ మాట తప్పక చెప్పాలి.

మందుల ప్రయోగాల్లోనూ ఇదే వరస. ఇప్పుడు కిడ్నీ జబ్బుకు ఆశగా నిలిచిన గ్లిఫ్లోజిన్ మందులను పరీక్షించిన క్రెడెన్స్, డాపా సీకేడీ, ఎంపా కిడ్నీ మూడింటిలోనూ ఆడవారు ఇంచుమించు మూడో వంతే.

నాలుగింటినీ తూచి చూస్తే

దేహవాదం జబ్బు ముదిరే వేగాన్ని బాగా వివరిస్తుంది, ఆస్పత్రిలో కనిపించని స్త్రీని వివరించదు. కొలతవాదం ఆమె ఎందుకు ఆలస్యంగా పట్టుబడుతుందో చెబుతుంది, మగవారి మరణాలెందుకు ఎక్కువో చెప్పదు. శ్రీలంక, ఎల్ సాల్వడార్‌ల తేడాకు పనివాదమే దిక్కు, నగరాల్లోని మధుమేహ రోగి దగ్గర అది మూగబోతుంది. సామాజిక వాదం మార్పిడి గణాంకాల దగ్గర తిరుగులేనిది. ఇంతవరకూ అచ్చయిన రచనల్లో దేహవాదానికి దక్కిన చోటు దాని బలానికి మించినదని ఈ సమీక్ష అభిప్రాయం. డయాలసిస్ కేంద్రం లెక్కతో ఆడదేహం గట్టిదని తీర్మానించడం, అక్కడికి రాలేక పోయినవారిని మరిచిపోవడమే.

పాడేరు కొండల్లో ఈ ప్రశ్న

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరు కేంద్రం. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చల్లని ఊరికి చెరకు తోటల వేడి సిద్ధాంతం నేరుగా వర్తించదు. ఇక్కడి ముప్పులు వేరు. సికిల్ సెల్ వాటిలో ముఖ్యమైంది. ఆ కణాలు కిడ్నీ లోపలి భాగంలో చిక్కుకుని మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని పోగొడతాయి. పెద్దయ్యేసరికి ప్రోటీన్ పోవడం మొదలవుతుంది. జబ్బు జన్యువు ఆడామగా ఇద్దరికీ సమానంగానే వస్తుంది. కానీ సికిల్ సెల్ ఉన్న స్త్రీకి గర్భం అదనపు భారం. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో రక్తపరీక్షతో పాటు మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా చేర్చితే ఒకే సూదిపోటుతో, ఒకే సీసాతో రెండు సంగతులు తెలుస్తాయి.

మలేరియా మరొకటి. ఫాల్సిపారం రకం తీవ్రమైతే కిడ్నీలు హఠాత్తుగా ఆగిపోవచ్చు. కోలుకున్నా కొంత నష్టం మిగలవచ్చు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు వడపోత గొట్టాలే తక్కువగా ఉంటాయని బ్యారీ బ్రెన్నర్ 1988లో ప్రతిపాదించాడు. రక్తహీనత ఉన్న తల్లి కన్న చిన్న బిడ్డ పెద్దయ్యాక ఆ లోటుతోనే బతకాలి. ఆ బిడ్డ ఆడపిల్లయి తల్లి కూడా అయితే అదే లోటు మీద గర్భపు బరువు పడుతుంది.

దారి సంగతి చెప్పకుండా పాడేరు సంగతి పూర్తికాదు. విశాఖ కేజీహెచ్ వంద కిలోమీటర్లకు పైనే, ఘాట్ రోడ్డు మీదుగా. అంతకు ముందు ఊరి నుంచి రోడ్డు దాకా గర్భిణిని డోలీలో మోసుకొచ్చే గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. కాన్పు కోసం ఒకసారి డోలీ కడతారు. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఎవరు కడతారు? కాఫీ పళ్లు ఏరే కాలంలో, రాజ్మా కోతలప్పుడు ఆమె కూలీ ఇంటికి ఎంత ముఖ్యమో ఆమె జబ్బు అంత వెనక్కి జరుగుతుంది. పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లోని గిరిజన ప్రాంతమైన సుపేబెడలో వరస కిడ్నీ మరణాలు వార్తలకెక్కాకే వైద్యులు కదిలారు. అంతదాకా ఆగడం ఇక్కడ అనవసరం.

పాడేరుకు ఒక అనుకూలతా ఉంది. కొండ స్త్రీ ఆరోగ్య వ్యవస్థను కలిసే చోటు స్పష్టంగా తెలుసు: గర్భిణి పరీక్ష. బీపీ, మూత్రంలో ప్రోటీన్ అప్పుడే చూస్తారు, తల్లీబిడ్డల కార్డులో రాస్తారు. కాన్పు అయ్యాక ఆ కార్డు బిడ్డ టీకాలదైపోతుంది. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారి పేర్లు విడిగా రాసుకుని, మూడు నెలలకు ఒకసారి, ఆపై ఏటా బీపీ, మూత్రం, క్రియాటినిన్ చూడటానికి ఆశా కార్యకర్త, 104 వాహనం చాలు. మగవారు ఆ దారిన రారు. వారిని కలవాల్సింది వారపు సంతలో.

ఇంకా తేలనివి

చిన్న దేహం, తక్కువ కండ ఉన్న గిరిజన స్త్రీకి ఏ సూత్రం సరైనదో తేల్చాలంటే కొన్ని వందల మందిలో క్రియాటినిన్, సిస్టాటిన్ రెండూ ఒకేసారి కొలవాలి. 2024లో ఎంబీబీఎస్ ప్రవేశాలు మొదలుపెట్టిన పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాల చేపట్టదగ్గ పని అది. ఆడవారిలో జబ్బు నిజంగా నెమ్మదిగా ముదురుతుందా, లేక ముదిరినవారు లెక్కకు అందకముందే చనిపోతున్నారా అన్నది రెండోది. దానికి ఆస్పత్రి రిజిస్టర్ పనికిరాదు, ఇల్లిల్లూ తిరిగి మరణాల కారణాలు అడగాలి. ముట్లుడిగాక రక్షణ పోతుందన్న మాటకు నేరుగా ఆధారం ఇంకా పలచనే. డయాలసిస్ వద్దనుకుని మందులతోనే గడపాలని నిర్ణయించుకునేవారిలో స్త్రీలు ఎక్కువని యూరప్ లెక్కలు చెబుతున్నాయి. ఆ నిర్ణయం ఆమెదా, ఇంటిదా అన్నది మన దగ్గర ఎవరైనా కూర్చుని ఆమెనే అడిగి రాసుకోవాల్సిన విషయం.